నెగెటివ్ అని రాసే ముందు స్లైడు సంగతి రాయండి

సంపాదక మహాశయులకు,

ఎండలు ముదిరి గోమార్లు విపరీతమయ్యే రోజుల నుంచి వానాకాలం దాటేదాకా మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పాడి పశువులకు జ్వరాలు తప్పవు. పత్రికల వ్యవసాయ పేజీల్లో ఆ జ్వరాలకు మందుల పేర్లు చక్కగానే వస్తాయి. మందుకు ముందు స్లైడు అనే గాజు పలక మీద ఒక చుక్క రక్తం పడాలన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేలిపోతుంది, లేదా అసలే ఉండదు. రక్తం పరీక్ష చేయించిన రైతు చేతిలోనూ చివరికి మిగిలేది 'పరాన్నజీవులు కనిపించలేదు' అన్న ఒక్క ముక్క. ఆ ముక్కకు రెండు అర్థాలున్నాయి. పశువు రక్తంలో పురుగు లేకపోవచ్చు. ఉన్నా కనిపించే తీరులో స్లైడు లేకపోవచ్చు. ఈ రెంటినీ విడదీసి చెప్పని రిపోర్టు డాక్టరును తప్పుదారి పట్టిస్తుందని, పశువుల రక్త పరీక్షలు చేసేవాళ్లుగా మా అభిప్రాయం. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా, పేరు తేలడం ఎందుకంత ముఖ్యమో చూద్దాం. జ్వరం, మేత మానేయడం, పాలు పడిపోవడం, కళ్లు పాలిపోవడం అన్నవి రక్తంలో చేరే కంటికి కనపడని పురుగుల రోగాలైన థైలేరియాలోనూ ఉంటాయి, బెబీసియాలోనూ ఉంటాయి, అనాప్లాస్మాలోనూ ఉంటాయి. ఇంకో రక్త పురుగు రోగమైన సర్రాలో జ్వరం వచ్చి పోతూ ఉంటుంది. మందులు మాత్రం నాలుగింటికీ ఒకటి కావు. థైలేరియాకు బుపార్వాక్వోన్, బెబీసియాకు డిమినాజిన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్. సర్రాకు క్వినాపైరమిన్ లాంటివి. ఏదో ఒకటి తగలకపోతుందా అని మూడు సూదులు ఒకేరోజు పొడవడం అలవాటుగా మారింది. దాంతో రైతుకు ఖర్చు, అప్పటికే నీరసించిన పశువు కాలేయానికి భారం, పైగా మర్నాడు రక్తం తీసినా ఏమీ కనిపించదు.

ఎర్రమూత్రం సంగతి మరీ చిక్కు. బెబీసియాలో మూత్రం కాఫీ రంగుకు తిరుగుతుంది. ఈనిన మొదటి వారాల్లో బాగా పాలిచ్చే బర్రెకు కూడా అదే రంగు మూత్రం వస్తుంది. దానికి పురుగు కారణం కాదు, రక్తంలో భాస్వరం పడిపోయి ఎర్రకణాలు పగలడం కారణం. వైద్యం భాస్వరం ఎక్కించడం. బెబీసియాలో జ్వరం గట్టిగా ఉంటుంది, భాస్వరం లోపంలో సాధారణంగా ఉండదు. అయినా ఈ ఒక్క గుర్తు మీద ఆధారపడకుండా స్లైడు చూడాలి. మూత్రాన్ని గాజు గ్లాసులో పోసి కాసేపు కదపకుండా ఉంచితే ఇంకో సంగతీ తెలుస్తుంది. ఎరుపు అడుగుకు దిగి పైన తేరుకుంటే మూత్రనాళాల్లో ఎక్కడో రక్తం కారుతోందన్నమాట. ఎంతసేపున్నా రంగు అలాగే ఉంటే కణాలు పగిలి కరిగిన రంగు అది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, రైతే చేయొచ్చు.

ఇక రక్తం ఎప్పుడు తీయాలి? ఫైలేరియా సర్వేలో రాత్రి ఎనిమిదిన్నర దాటాకే ఇంటింటికీ వచ్చి వేలు పొడుస్తారని మన జిల్లాల వాళ్లకు తెలుసు. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి గనుక. పశువుల రక్త పురుగులకు అంత కచ్చితమైన గడియారం లేకపోయినా వాటికీ ఒక అదను ఉంది. జ్వరం పైన ఉన్నప్పుడు, ఏ మందూ పడకముందు తీయాలి. డిమినాజిన్ పడిన మర్నాటికి బెబీసియా దాదాపు మాయమవుతుంది. ఎర్రమూత్రం మొదలైన రెండు మూడు రోజులకు తీసినా కష్టమే, ఎందుకంటే పురుగున్న కణాలు అప్పటికే పగిలిపోయి ఉంటాయి. థైలేరియాలో కథ తిరగబడుతుంది. అది మొదట తెల్లకణాల్లో పెరిగి, ఆ తర్వాతే ఎర్రకణాల్లోకి దిగుతుంది. కాబట్టి జ్వరం వచ్చిన తొలి రోజుల్లో రక్తపు స్లైడు శుభ్రంగా కనిపించి మోసం చేస్తుంది. ఆ సమయంలో భుజం ముందు బిళ్ల కట్టి (లింఫు గ్రంథి వాచి) ఉంటే పరీక్షకు కావలసింది అందులోనే ఉంటుంది. పశువైద్యుడు 18 లేదా 20 గేజి సూదిని బిళ్లలోకి పోనిచ్చి, సిరంజితో కొద్దిగా లాగి, వచ్చిన చుక్కను స్లైడు మీద నెమ్మదిగా పరిచి రంగు వేస్తే, పెద్ద లింఫు కణాల్లో నీలి ముద్దలు, వాటిలో ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. వీటికే కాక్ నీలి దేహాలని పేరు. ఒక్కటి దొరికినా చాలు. బిళ్లలున్న జెర్సీ ఆవుకు రక్తం మాత్రమే చూసి థైలేరియా లేదని రాయడం మా దృష్టిలో సగం పరీక్ష.

ఎక్కడి నుంచి తీయాలంటే చెవి కొస నుంచి. తోక కొస అయినా సరే. సన్నని నాళాల రక్తంలో బెబీసియా దొరికే అవకాశం మెడ నరం రక్తంలో కన్నా మెరుగు. వెంట్రుకలు కత్తిరించి, స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. తొందరపడి తడి మీదే పొడిస్తే స్పిరిట్ కలిసి కణాలు అక్కడే పగులుతాయి. మొదటి చుక్కను పొడి దూదితో తుడిచేసి రెండో చుక్క తీసుకోవాలి. చెవిని గట్టిగా పిండితే రక్తంలో నీరు కలుస్తుంది. ప్రతి పశువుకూ కొత్త సూది వాడాలి. అనాప్లాస్మా, సర్రా రెండూ సూది మొన మీది రక్తంతో పక్క పశువుకు పోగలవు. పరీక్షకని వచ్చి రోగం అంటించిపోయిన మాట మనకొద్దు.

స్లైడు చేయడం దగ్గరే ఎక్కువ పరీక్షలు చెడిపోతున్నాయి కాబట్టి దీన్ని కొంచెం వివరంగా రాస్తున్నాం. కొత్త పెట్టెలోంచి తీసిన స్లైడు శుభ్రమైనదని అనుకోకూడదు. దాని మీద సన్నని జిడ్డు ఉంటుంది, రక్తం పరిచినప్పుడు ఆ జిడ్డున్నచోట గుండ్రటి ఖాళీలు పడతాయి. సబ్బు నీళ్లతో కడిగి, నీళ్లలో జాడించి, స్పిరిట్‌లో ముంచి, నూగు రాలని గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత అంచులు మాత్రమే పట్టుకోవాలి. స్లైడుకు ఒక చివర నుంచి సుమారు ఒక సెంటీమీటరు లోపలికి అగ్గిపుల్ల తలంత చుక్క చాలు. రెండో స్లైడు అంచును 30 నుంచి 45 డిగ్రీల వాలులో చుక్క ముందు ఆనించి, వెనక్కి లాగి చుక్కకు తాకించి, రక్తం అంచు పొడవునా పాకేదాకా ఒక్క క్షణం ఆగి, ఒకే ఊపున ముందుకు తోయాలి. కిందికి నొక్కకూడదు. పొర స్లైడు పొడవులో మూడింట రెండొంతులు వచ్చి, చివరన కోడి ఈక కొసలా పలచబడి ఆగిపోవాలి.

ఆ కొస లేకుండా రక్తం స్లైడు అవతలి అంచు దాకా పోయిందంటే చుక్క పెద్దదైంది. అడ్డంగా అలలు పడితే చెయ్యి మధ్యలో ఆగింది. నిలువు గీతలు పడితే తోసే స్లైడు అంచు పెచ్చు ఊడి ఉంది. తోసే స్లైడును దాచుకుని రోజుల తరబడి వాడేవాళ్లు ఈ గీతలను పట్టించుకోరు. రక్తం బాగా తగ్గిపోయిన పశువులో చుక్క నీళ్లలా జారుతుంది. దానికి వాలు కొంచెం పెంచి చురుగ్గా తోస్తే పొర నిలుస్తుంది. పారుడు పెట్టి ఒళ్లెండిపోయిన పశువు రక్తం చిక్కగా ఉంటుంది, దానికి వాలు తగ్గించాలి. చుక్క పెట్టాక మాటల్లో పడి ఆలస్యం చేస్తే రక్తం గడ్డకట్టడం మొదలై తెల్లకణాలన్నీ గుత్తులుగా కొసకు పోతాయి. ఒక పశువుకు రెండు స్లైడులు చేయడం మంచిది. రంగు చెడిపోతే రెండోది ఉంటుంది.

చేసిన వెంటనే గాలిలో ఊపి ఆరబెట్టాలి. ఎండలో పెట్టొద్దు, పొయ్యి దగ్గర పెట్టొద్దు. వానాకాలంలో గాలి తేమకు పొర నెమ్మదిగా ఆరితే కణాల్లో మెరిసే రంధ్రాలు పడతాయి. కొత్తగా చూసేవాళ్లు వాటినే ఉంగరాలనుకుని థైలేరియా అని రాసేస్తారు. కొట్టంలో ఆరబెట్టిన స్లైడు మీద ఈగలు వాలి రక్తాన్ని నాకేస్తాయి, రాత్రి బల్లమీద వదిలేస్తే చీమలు, బొద్దింకలు ఆ పని పూర్తిచేస్తాయి. ఇంకొక శత్రువు ఫార్మలిన్. పోస్టుమార్టం ముక్కలు దాచిన ఫార్మలిన్ సీసా ఉన్న అల్మారాలోనే ఫిక్స్ చేయని (మిథనాల్‌లో ముంచి పొరను గాజుకు నిలిచేలా చేయని) స్లైడులు పెడితే, ఆ ఆవిరికి పొర పాక్షికంగా గట్టిపడి తర్వాత రంగు సరిగ్గా పట్టదు. చిన్న ఆసుపత్రుల్లో అల్మారా ఒకటే ఉంటుంది గనుక ఇది మామూలుగా జరిగేదే. ఒకే సంచిలో వేసి జిల్లా కేంద్రానికి పంపినా అంతే.

ఫిక్స్ చేయడానికి శుద్ధమైన మిథనాల్ కావాలి. జాడీలో మూడు నిమిషాలు ముంచితే సరిపోతుంది. మిథనాల్ గాలిలోని తేమను తాగేస్తుంది, కాబట్టి మూత తీసి వదిలేసిన సీసా వారానికల్లా పనికిరాకుండా పోవచ్చు. నీరు కలిసిన మిథనాల్‌లో ముంచిన కణాలకు మళ్లీ అవే రంధ్రాలు. మిథనాల్ లేదని గాయాలు తుడిచే స్పిరిట్‌లో ముంచడమూ చూస్తున్నాం. అందులో నీరు మొదటి నుంచీ ఉంటుంది, అది పనికిరాదు. ఒక మాట, మిథనాల్ విషం. తాగే సీసాల్లో పోసి పెట్టొద్దు.

స్లైడు కాక సీసాలో రక్తం పంపేటట్లయితే రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ మందున్న సీసాలోనే పంపాలి. అలాంటిదే మరో మందు హెపారిన్ వాడితే రంగు వేశాక నేపథ్యమంతా నీలంగా కమ్ముకుంటుంది. ఈడీటీఏలో కూడా రక్తం గంటల తరబడి నిలవుంటే కణాల అంచులు ముళ్లు ముళ్లుగా మారతాయి, లోపలి పురుగు ఆకారం చెడుతుంది. సీసా పంపేవాళ్లు పశువు దగ్గరే ఒక స్లైడు కూడా చేసి, ఫిక్స్ చేసి జతగా పంపితే మేలు.

ఇప్పుడు మన జిల్లాల సొంత కష్టం, నీళ్లు. గీమ్సా రంగు పనిచేయాలంటే దాన్ని కలిపే నీటి పీహెచ్ (పులుపు, క్షారగుణాల కొలత) 7.2 దగ్గర ఉండాలి. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు. స్లైడును చెడగొట్టేది ఆ ఫ్లోరైడ్ కాదు, ఆ నీళ్లతోపాటే ఉండే క్షారగుణం. ఆ నీళ్లలో గీమ్సా కలిపితే ఎర్రకణాలు గులాబీ రంగుకు బదులు బూడిద నీలంగా వస్తాయి, పురుగులోని ఎర్రచుక్క ఆ నీలంలో కలిసిపోతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి వాడితే తప్పు ఇంకోవైపు జరుగుతుంది. మూత తీసి ఉంచిన అలాంటి నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని పులుపెక్కుతుంది. అప్పుడు ఎర్రకణాలు నారింజ ఎరుపుగా మండిపోతాయి, తెల్లకణాల కేంద్రకాలు పాలిపోతాయి. మందు తేలిక. ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.7 గ్రాము, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 1 గ్రాము కరిగిస్తే కావలసిన బఫర్, అంటే పీహెచ్ మారకుండా నిలిపే నీరు, వస్తుంది. తూకం లేకపోతే బఫర్ బిళ్లలు దొరుకుతాయి. ఆర్‌వో నీళ్లు వాడక తప్పకపోతే వాటిలోనూ ఈ లవణాలు కలిపాకే వాడాలి.

గీమ్సా అసలు ద్రావణం ఒక మిల్లీలీటరుకు బఫర్ తొమ్మిది మిల్లీలీటర్లు. ఈ కలిపిన రంగు ఆ పూటకే. మధ్యాహ్నం మిగిలింది మర్నాటికి దాచుకుంటే అడుగున మడ్డి చేరుతుంది, ఆ మడ్డి స్లైడు మీద అనాప్లాస్మా వేషం వేస్తుంది. అసలు సీసాలోకి తడి పిప్పెట్ పెట్టకూడదు. ఒక్క నీటి చుక్క పడినా సీసా మొత్తం నెమ్మదిగా పాడవుతుంది. స్లైడును రంగులో 30 నిమిషాలు ఉంచాలి. తీసేటప్పుడు రంగును ఒంపేస్తే పైన తేలే మెరుపు తెట్టు పొరకు అంటుకుంటుంది. బఫర్ నీళ్లు నెమ్మదిగా పోస్తూ తెట్టు పొంగి పోయేలా కడగాలి. తర్వాత స్లైడును నిలబెట్టి ఆరనివ్వాలి, అద్దకూడదు. గీమ్సాకు బదులు లీష్మన్ రంగు వాడేవాళ్లకు విడిగా ఫిక్స్ చేసే పని లేదు, అందులోనే మిథనాల్ ఉంటుంది. పొర మునిగేలా వేసి రెండు నిమిషాలాగి, దానికి రెట్టింపు బఫర్ పోసి, కలిసేలా ఊది, ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉంచితే చాలు. రెండు నిమిషాల దశలో రంగు ఎండిపోతే మాత్రం ఆ స్లైడును పారేయడమే.

మైక్రోస్కోప్ సంగతి ఎక్కువ రాయం. నూనె 100 లెన్సుకే. చూడటం అయ్యాక 40 లెన్సును తిప్పి ఆ నూనెలోంచి లాగేవాళ్ల వల్లే 40 లెన్సులు గుడ్డివవుతున్నాయి. రంగు వేసిన స్లైడుకు కండెన్సర్ (కింది నుంచి వెలుతురును కూడగట్టే భాగం) పైకి, పచ్చి రక్తానికి కిందికి. వానాకాలంలో లెన్సుకు బూజు పట్టకుండా పెట్టెలో సిలికా జెల్ సంచి వేయాలి, గులాబీగా మారినప్పుడు వేయించి మళ్లీ నీలం చేసుకోవాలి.

చదవడం దగ్గరికి వద్దాం. మొదట పురుగును వెతకకూడదు, ఒక తెల్లకణాన్ని వెతకాలి. దాని కేంద్రకం ఊదాగా, ఇయోసినోఫిల్ అనే రకం తెల్లకణంలోని గింజలు నారింజ ఎరుపుగా, చుట్టూ ఎర్రకణాలు లేత గులాబీగా ఉంటే రంగు సరిగ్గా పట్టిందని అర్థం. అలా లేకపోతే ఆ స్లైడులో ఏమీ లేదని రాసే హక్కు చూసేవాళ్లకు లేదు. ఆ తర్వాత కణాలు ఒకదానికొకటి ఆనుకుని, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఉన్న చోటుకు పోవాలి. అది కొసకు కాస్త ఇవతల ఉంటుంది. మందంగా ఉన్న మొదటి భాగంలో చూసి లాభం లేదు. పెద్ద కణాలు అంచులకూ కొసకూ కొట్టుకుపోతాయి కాబట్టి అక్కడా ఒక చూపు వేయాలి.

ఆవు ఎర్రకణం ఆరు మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాస్త తక్కువ. దాన్నే కొలబద్దగా పెట్టుకుంటే పని తేలిక. బెబీసియా బైజెమినా పెద్దది, నాలుగైదు మైక్రాన్లు. ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా, సన్నని కొసలు రెండూ కలిసి చిన్న కోణం చేస్తూ జంటగా కనిపిస్తుంది. జంట దొరికితే అనుమానం లేదు. థైలేరియా చిన్నది, ఒకటి రెండు మైక్రాన్లు. ఉంగరంలా, కామాలా, చిన్న పుల్లలా ఉంటుంది, ఒకే కణంలో రెండు మూడు కూడా ఉండొచ్చు. ఎర్ర చుక్క ఒక పక్క, లేత నీలం మరో పక్క. ఆ నీలం లేకుండా ఉత్త ముదురు చుక్క, అదీ కణం అంచుకు అంటుకుని ఒక మైక్రాను లోపు ఉంటే అనాప్లాస్మా మార్జినేల్. అది నిజానికి బాక్టీరియా జాతిది, అయినా అదే స్లైడులో వెతికేదే. గొర్రెల రక్తం చూసేటప్పుడు ఈ కొలబద్ద మారుతుంది. గొర్రె ఎర్రకణం 4.5 మైక్రాన్లే, మేకది ఇంకా చిన్నది. గొర్రెల మందలు ఇంతగా ఉన్న మన ప్రాంతంలో వాటి స్లైడులకు ఎక్కువ ఓపిక కావాలి.

పురుగు కానివి ఎక్కువగా మోసం చేసేది అనాప్లాస్మా విషయంలోనే. రక్తం తగ్గిన పశువులో కొత్తగా పుట్టే కణాల్లో కేంద్రకపు ముక్క ఒకటి మిగిలిపోయి గుండ్రటి చుక్కగా కనిపిస్తుంది, హోవెల్ జాలీ దేహం అంటారు. అదే కణాల్లో నీలి నలుసులూ ఉంటాయి. ఎర్రకణం మీద కూర్చున్న ప్లేట్‌లెట్ చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది. రంగు మడ్డి అయితే ఫైన్ ఫోకస్ చక్రాన్ని ఇటూ అటూ తిప్పితే దొరికిపోతుంది. కణం స్పష్టంగా ఉన్నప్పుడు చుక్క మసకబారి, చుక్క స్పష్టమైనప్పుడు కణం మసకబారితే అది పైన పడిన చెత్త. కణాల మధ్య ఖాళీ జాగాలో కూడా అలాంటి చుక్కలే ఉన్నాయా అన్నది రెండో పరీక్ష. ఉంటే స్లైడు మళ్లీ చేయాల్సిందే.

ఎన్ని ఫీల్డులు, అంటే మైక్రోస్కోప్‌లో ఒక్కసారి కనిపించే మేరలు, చూడాలి? మనుషుల మలేరియాలో మందపు పొర మీద వంద ఫీల్డులు చూడందే నెగెటివ్ రాయకూడదన్న నియమం ఉంది. పశువులకూ అంతకు తగ్గకూడదు. లెక్క చూడండి. పలచటి పొరలో ఒక ఫీల్డులో రెండు వందల కణాలు పడ్డాయనుకుంటే వంద ఫీల్డులకు ఇరవై వేల కణాలు. పది ఫీల్డులకే లేచిపోతే రెండు వేలు. అయిదు వేల కణాలకు ఒకదానిలో పురుగున్న పశువు మొదటి లెక్కలో సుమారుగా నాలుగుసార్లు కనిపిస్తుంది, రెండో లెక్కలో అసలు కనిపించకుండానే పోవచ్చు. వరుస తప్పకుండా, చూసినచోటే మళ్లీ చూడకుండా చూస్తే ఒక స్లైడుకు పది నిమిషాలకు పైనే పడుతుంది. ఒక టెక్నీషియన్ ముందు గంటకు ఇరవై స్లైడులు పెట్టి ఫలితాలు అడిగేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

కనిపించినంత మాత్రాన రోగమూ కాదు, ఈ మాట రైతులకు చెప్పేవాళ్లు తక్కువ. థైలేరియా నుంచి కోలుకున్న పశువు రక్తంలో కొద్దిపాటి పురుగులు చాలాకాలం ఉండిపోతాయి. మన నాటు ఆవులు, నల్లమల పొడ తూర్పు పశువులు దూడప్రాయం నుంచీ గోమార్ల మధ్య పెరిగినవి, సంకరజాతి ఆవుల కన్నా తట్టుకుంటాయి. అలాంటి ఆవు వేరే కారణంతో జ్వరపడినా స్లైడులో ఒకటో రెండో ఉంగరాలు కనిపించవచ్చు. అందుకే ఉన్నాయని రాయడం చాలదు, వెయ్యి కణాలకు ఎన్నింటిలో ఉన్నాయో రాయాలి. జెర్సీ ఆవులో వెయ్యికి వంద కణాల్లో కనిపించడమూ, నాటు ఆవులో ఇరవై వేలకు రెండు కనిపించడమూ ఒకటే అక్షరాల్లో పోకూడదు.

సర్రాకు మాత్రం రంగుకన్నా ముందు పచ్చి రక్తం చూడాలి. చిన్న చుక్క మీద కవర్‌స్లిప్ వేసి, 40 లెన్సుతో, వెలుతురు తగ్గించి చూస్తే పురుగు కన్నా ముందు అది తోసే ఎర్రకణాల కదలిక కంటపడుతుంది. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర గుర్రాల, ఒంటెల రక్తంలో ఈ జీవిని కనిపెట్టాడు. అదే ఏడు అల్జీరియాలో లావెరాన్ మలేరియా జీవిని చూశాడు. ఇద్దరూ చూసింది రంగు వేయని పచ్చి రక్తమే. రంగులు తర్వాత వచ్చాయి. ఈ పరీక్షను పశువు దగ్గరే, లేదంటే తీసిన కాసేపటికే చేయాలి. ఎండలో ద్విచక్ర వాహనం డిక్కీలో వేసుకుని దేవరకొండ నుంచి నల్లగొండ తెచ్చిన సీసాలో పురుగు చచ్చి, కదలిక ఆగిపోయి ఉంటుంది. మామూలు చుక్కలో దొరక్కపోతే, సన్నని గాజు గొట్టంలో రక్తం నింపి మైక్రో సెంట్రిఫ్యూజ్‌లో 12,000 చుట్ల వేగంతో అయిదు నిమిషాలు తిప్పి, తెల్లకణాల పొరకూ ప్లాస్మాకూ మధ్య గీత దగ్గర గొట్టంలోనే చూడాలి. జోరీగలు ముసిరే వానాకాలంలో, ఆ తర్వాతి నెలల్లో చిక్కిపోతూ జ్వరం వచ్చి పోతున్న బర్రెకు ఈ పరీక్ష తప్పనిసరి. ఒక్కసారి కనిపించకపోతే మళ్లీ జ్వరం వచ్చిన రోజున ఇంకోసారి తీయాలి, ఎందుకంటే రక్తంలో వీటి సంఖ్య పెరుగుతూ తరుగుతూ ఉంటుంది.

పురుగు డీఎన్ఏను పట్టే పీసీఆర్ పరీక్ష వచ్చాక ఇదంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. మైక్రోస్కోప్‌కు అందని తక్కువ సంఖ్యను పీసీఆర్ పట్టుకుంటుంది, నిజమే. అయితే అచ్చంపేటలో ఉదయం పడిపోయిన ఆవుకు మధ్యాహ్నంలోగా ఏ సూది వేయాలో చెప్పేది గంటలో తయారయ్యే స్లైడే.

కాబట్టి పశుసంవర్ధక శాఖను మేము అడిగేది కొత్త భవనాలు కాదు. ప్రతి మండల పశువైద్యశాలకూ, 1962 సంచార పశువైద్య వాహనానికీ శుభ్రమైన స్లైడుల పెట్టె, గట్టి మూతున్న చిన్న సీసాల్లో మిథనాల్, బఫర్ బిళ్లలు ఇవ్వాలి. పెద్ద సీసా ఒకటి ఇచ్చి ఏడాది వాడమనడం కన్నా చిన్నవి నాలుగు నయం. పల్లెల్లో పశువులకు ఎద సూదులు వేసే గోపాలమిత్రలకు పొర పరచడం ఒక పూట చేతిలో పెట్టి నేర్పాలి. రిపోర్టు కాగితం మీద ఇప్పుడున్న ఖాళీలకు తోడు ఇవి చేర్చాలి: రక్తం తీసిన తేదీ, వేళ, అప్పటి జ్వరం ఎంత, చెవి రక్తమా, నరం రక్తమా, బిళ్ల నుంచా, ముందే ఏ మందైనా పడిందా, స్లైడు చదవడానికి పనికొచ్చిందా, చూసిన ఫీల్డులు ఎన్ని, కనిపిస్తే వెయ్యికి ఎన్ని కణాల్లో. పనికిరాని స్లైడుకు నెగెటివ్ అని కాక 'మళ్లీ పంపండి' అని రాసే వీలు ఆ కాగితంలోనే ఉండాలి, రాసినందుకు టెక్నీషియన్‌ను నిలదీయకూడదు.

రైతులు, గోపాలమిత్రలు చేయాల్సింది కూడా ఒకటుంది. పశువు చెవి ట్యాగు నంబరు, ఊరు, తేదీ స్లైడు మీదే, రక్తం మందంగా ఉన్న చివర, పొర పైనే పెన్సిలుతో రాయాలి. పెన్ను సిరా మిథనాల్‌లో కరిగిపోతుంది, అతికించిన కాగితం రంగు జాడీలో ఊడిపోతుంది. ఫిక్స్ చేసిన స్లైడులను ముఖాముఖి కాకుండా మధ్య కాగితం పెట్టి చుట్టి పంపాలి. ఒక సంచిలో పేర్లు లేని ఆరు స్లైడులు వస్తే, వాటిలో ఒకటి పాజిటివ్ అని తేలినా సూది ఏ ఆవుకు వేయాలో ఎవరూ చెప్పలేరు.

ఇట్లు,
పశు రక్త పరీక్షలు చేసే కొందరు ల్యాబ్ టెక్నీషియన్లు,
నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు